తప్పు పడే కల

మా ఆయన కలలో ఇరవై మూడు చీరలు నేశాడండి. ఒక్కదానికీ పక్కన నేను లేను.

దీనికే కోపమా అంటారేమో. ఉప్పాడ జాందానీ నేత తెలిసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. ఆ మగ్గం ఒక్క మనిషితో నడిచేది కాదు. గుంటలో కాళ్ళు పెట్టుకుని ఇద్దరు పక్కపక్కనే కూర్చోవాలి. అడ్డపోగు మోసుకుని నాడె అటు నుంచి ఇటు వచ్చాక, పొడుగునా పరిచిన పడుగు పోగులు లెక్కపెట్టుకుంటూ జరీ చుట్టిన చిన్న చిన్న కండెల్ని దూర్చి పువ్వో చిలకో దిద్దాలి. కుడి సగం ఒకరిది, ఎడమ సగం ఇంకొకరిది. మధ్యలో పడే చిలకకి ముక్కు ఆయన నేస్తే తోక నేను నేస్తాను. పంతొమ్మిదేళ్ళు మా ఇద్దరి మోచేతులూ ఒకదానికొకటి రాసుకుంటూనే ఉన్నాయి. పోట్లాడుకుని మాటలు మానేసిన రోజుల్లో కూడా అవి మానలేదు.

ఆయన పేరు లోవరాజు. నా మేనమామ కొడుకే, బావా అని పిలుస్తాను. నా పేరు వరహాలు. నోరు కాస్త ఎక్కువంటారు, ఒప్పుకుంటాను.

ఒక గురువారం పొద్దున్న, చిలక రెక్క దగ్గర ఆయన చేతిలోంచి కండె జారిపోయింది. "తియ్యి బావా" అన్నాను. తియ్యలేదు. "ఏం, పొద్దున్నే కునుకా?" అని వేళాకోళం చేశాను. తిరిగి చూస్తే నోరు ఒక పక్కకి వెళ్ళిపోయింది. ఆ వేళాకోళం చేసినందుకు నన్ను నేను ఇవాళ్టికీ తిట్టుకుంటూనే ఉంటాను.

మెదడులో నరం మూసుకుపోయిందన్నారు. ఆరు నెలల కసరత్తుకి మాట వచ్చింది, కాలు వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. తడిగుడ్డలా భుజానికి వేలాడేది. చూసినవాళ్ళందరూ ఇంక అంతేనమ్మా అన్నారు. మగ్గం మీద సగం అయిన చీర, రెక్క లేని చిలకతో, అలాగే ఉండిపోయింది. దాన్ని కోసెయ్యమని ఎవరెవరో చెప్పారు. నేను రోజూ దుమ్ము దులిపి బట్ట కప్పేదాన్ని.

అప్పుడు కాకినాడలో కలటోపీ గురించి తెలిసింది.

దాన్ని కనిపెట్టిన డాక్టరు పేరు తేజోవతి. సన్నగా, పెద్ద గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. ఎప్పుడూ చేతిలో చల్లారిపోయిన టీ. ఆవిడ గదిలో నీలం తెరలు, రెండు మంచాలు, గోడంత కంప్యూటరు తెర. టోపీ అంటే టోపీయే. లోపలివైపు మల్లెమొగ్గలంత తెల్లటి బిళ్ళలు కుట్టి ఉంటాయి, వాటినించి దారాల్లాంటి తీగలు. అంత సన్నటి పని చేసినవాళ్ళకి నేత వచ్చుండాలి అనుకున్నాను.

"చెయ్యి చావలేదండీ" అంది డాక్టరమ్మ. "చేతికి వెళ్ళే దారి కొట్టుకుపోయింది. సముద్రం వచ్చి మీ బీచి రోడ్డు కోసేసినప్పుడు ఏం చేస్తారు?"

"పక్కనించి నడుస్తాం. నడిచీ నడిచీ అదే దారవుతుంది."

"మెదడూ అంతే. మేలుకుని ఉంటే ఆయన ఆ పక్కదారిన అడుగు కూడా వెయ్యలేరు. కలలో వేస్తారు. రోజూ మధ్యాహ్నం గంటసేపు ఆయన చేత కలలో నేయిద్దాం."

అన్నం తిన్నాక ఒంటిగంటన్నరకి బావని పడుకోబెట్టి టోపీ పెట్టింది. కాసేపటికి ఆయన కళ్ళు రెప్పల కింద కదలడం మొదలెట్టాయి, నాడెలా అటూ ఇటూ. తెర మీద ఆయన మెదడు బొమ్మలో ఒక మూల లేతపచ్చగా వెలిగింది. "అదిగో, చెయ్యి" అంది డాక్టరమ్మ గొంతు తగ్గించి. మంచం మీది చెయ్యి మాత్రం కదల్లేదు. అయితేనేం, ఆరు నెలల తరవాత ఆయన ముఖంలో నవ్వు చూశాను. అది చాలనిపించింది.

లేవగానే నా కొంగు పట్టుకుని చిన్నపిల్లాడిలా చెప్పుకుపోయాడు. "సముద్రం మీద మగ్గం వేశారే. గుంటలోకి నీళ్ళు వస్తున్నాయి గాని కాళ్ళు తడవట్లేదు. పడుగు ఎంత పొడుగో తెలుసా, ఆ చివర మబ్బుకి కట్టి ఉంది. నేను అనుకుంటే చాలు, నాడె దానంతటదే వెళ్తోంది. చెయ్యి ఎంత తేలిగ్గా ఉందనీ." చెప్తూ చెప్తూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. సంతోషమేనండి, ఎందుకు దాచాలి.

రెండు నెలలు అలా గడిచాయి. వారానికి ఐదు రోజులు షేర్ ఆటోలో కాకినాడ వెళ్ళడం, రావడం. దారి పొడుగునా ఆయన చీరల కబుర్లే. సాయంత్రం సముద్రం రంగుది ఒకటి. ఎండలో ఎగిరే తూనీగల్ని బుటాలుగా వేసింది ఒకటి. అంచుకి అలలు నేస్తే అవి కదులుతూనే ఉన్నాయట. ఎనిమిదో చీర, పదిహేనో చీర అని నేను మనసులోనే లెక్కపెట్టుకునేదాన్ని. వింటూంటే నాకూ కళ్ళు మూతలు పడేవి. కానీ ఆటో దిగేటప్పుడు ఆయన కుడిచేతిని ఎత్తి పట్టుకోవాల్సింది నేనేగా. మొదటిరోజు ఎంత బరువో రెండు నెలలకీ అంతే బరువు.

పైగా మనిషి మారిపోయాడు. ఇంటికొస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. కసరత్తు మానేశాడు. పొద్దున్న పూట కూడా టోపీ పెట్టమని డాక్టరమ్మని బతిమాలాడు. నేను మగ్గం గదిలో ఏదైనా సర్దితే, "చప్పుడు చెయ్యకే, రంగు చెదిరిపోతుంది" అని విసుక్కునేవాడు. పక్కనున్న పెళ్ళాం కన్నా ఎక్కడో ఉన్న రంగు ఎక్కువైపోయింది.

ఒకరోజు అన్నం కలిపి పెడుతూ అడిగేశాను. "కలలో నీ పక్కన ఎవరు కూర్చుంటున్నారు బావా?"

"ఎవరూ అక్కర్లేదే. రెండో సగం దానంతటదే వచ్చేస్తోంది."

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ అడిగాను. "సరే. ఇరవై మూడు చీరలు నేశావుగా, ఎన్నిసార్లు విప్పావు?"

"విప్పడమా?" అని ఆలోచించాడు. "ఒక్కసారీ లేదు."

అప్పుడర్థమైంది నాకు.

మా మామ, అంటే ఆయన తండ్రి, పెద్ద పనివాడు. ఆయన దగ్గరికి ఎవరు నేర్చుకోవడానికొచ్చినా మొదటి నలభై రోజులు నాడె ముట్టుకోనిచ్చేవాడు కాదు. తనే కావాలని ఒక పోగు తప్పి నేసి, పక్కకి జరిగి, "విప్పు" అనేవాడు. జరీ నలక్కుండా, పట్టు తెగకుండా, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి. నేయడం కన్నా విప్పడానికి వేళ్ళకి పని ఎక్కువ. కోడలినని నన్నేం వదల్లేదు, నలభై రోజులూ ఏడిపించాడు. విప్పడం వచ్చినవాడికి తప్పంటే భయం పోతుంది, ఆ తరవాతే చెయ్యి మాట వింటుంది అనేవాడు. మా ఇంట్లో నేత నేర్చుకున్నవాళ్ళందరూ ఆ దారిలో వచ్చినవాళ్ళే, బావతో సహా.

మర్నాడు డాక్టరమ్మ దగ్గర నోరు చేసుకున్నాను. "అమ్మా, ఈయన నేయట్లేదు. సినిమా చూస్తున్నాడు. తప్పు పడని మగ్గం భూమ్మీద ఉందా? ఒక్క పోగు విప్పకుండా ఇరవై మూడు చీరలు నేశాడంటే, చెయ్యి ఏం నేర్చుకుంది? గాడిద గుడ్డు."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేసింది.

"తప్పు పడకుండా నేనే చేశానండీ" అంది. "మొదట్లో కలలో ఏదైనా తేడా వస్తే మనుషులు ఉలిక్కిపడి లేచిపోయేవారు. అందుకని పాత జ్ఞాపకంలోని మంచి చేతిని తీసుకొచ్చి పెట్టాను. పొరపాటు వచ్చే చోటల్లా మెత్తగా సరిచేసేలా టోపీకి నేర్పాను. నాలుగేళ్ళు పట్టింది. అదే నా గొప్ప అనుకున్నాను."

కోపంతో వెళ్ళినదాన్ని, జాలేసింది. ఆవిడా ఏదో నేసుకుందిగా, ఇప్పుడు విప్పాలంటే ఎంత కష్టం.

"ఇంకో పద్ధతి ఉంది" అందావిడ. "ఇప్పటి చేతిని కలలోకి పంపొచ్చు. ఈ బరువు, ఈ మొద్దుబారడం అన్నీ. అప్పుడు కలలో కూడా ఆయన చెయ్యి ఇలాగే ఉంటుంది. అక్కడ పడుతూ లేస్తూ కొత్త దారి వెతుక్కోవాలి. కానీ వరహాలుగారూ, ఒకసారి ఈ చెయ్యి కలలోకి వెళ్ళిందంటే పాతది మళ్ళీ రాదు. టోపీ లేకుండా మామూలు నిద్రలో కూడా రాదు. ఒక పెద్దాయనకి చేశాను. రెండ్రోజుల్లో మానేశారు. ఆయనకిప్పుడు చెయ్యీ లేదు, కలా లేదు. అందుకే ఇంకెవరికీ చెప్పలేదు."

నేను బావకి ఉన్నదున్నట్టు చెప్పాను. దాచి ఒప్పించడం నాకు చేతకాదు.

ఆయన అరవలేదు. అరిచినా బావుండేది. "ఈ చెయ్యి ఇక్కడ చచ్చిపోయిందే" అన్నాడు. "అక్కడొక్కచోటే బతికుంది. దాన్నీ చంపమంటావా?"

ఆ పూట ఇద్దరం అన్నం ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్న మగ్గం మీద కప్పిన బట్ట తీసేశాను. నా చోట్లో కాదు, ఆయన చోట్లో కూర్చున్నాను. చిలక రెక్క ఆయనది. నాకు ఆ వైపు చేతివాటం లేదు. అయినా కండె అందుకుని మొదలెట్టాను. మొండితనమే అనుకోండి. గంటసేపు కుస్తీ పడితే రెక్క వచ్చింది గాని, చిలక రెక్కలా కాక, తడిసిన కోడి రెక్కలా ఉంది.

గుమ్మం దగ్గర కాలీడుస్తున్న చప్పుడైంది. బావ గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. నేసిన పోగుని దగ్గరికి కొట్టే పలక చప్పుడు వినే తెలుసుకున్నాడట, తప్పు దెబ్బ పడుతోందని.

"ఏవిటే అది? ఏ జంతువు?"

"నీ చిలకే. నాకింతే వచ్చు."

"విప్పు" అన్నాడు. అచ్చం మా మామ గొంతే.

"నాకు ఆ వైపు విప్పడం రాదు. కావాలంటే నువ్వే కూర్చుని చెప్పు."

నన్ను తిడుతూ, గొణుగుతూ కూర్చున్నాడు. ఎనిమిది నెలల తరవాత మా మోచేతులు తగిలాయి. ఆయన కుడిచెయ్యి చచ్చుగా నాకు ఆనుకుని ఉంది, అయినా తగిలింది. ఎడంచేతి గోటితో పోగు చూపిస్తూ, పళ్ళతో జరీ కొస పట్టుకుంటూ, "అది కాదు, దాని పక్కది, కళ్ళు ఎక్కడున్నాయి నీకు" అని కసురుతూ మధ్యాహ్నం దాకా విప్పించాడు. ఒళ్ళంతా చెమట. ముఖం ఎర్రగా అయిపోయింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

అంతా విప్పాక ఆయన ఖాళీ పడుగు మీద ఎడంచెయ్యి వేసి కూర్చున్నాడు.

"కలలో నాకు ఒక్కసారి కూడా కోపం రాలేదే" అన్నాడు మెల్లిగా. "ఇరవై మూడు చీరలు. దేనిమీదా కోపం రాలేదు." నావైపు తిరిగి, "వెళ్దాం. కానీ నువ్వూ రావాలి. ఒక్కణ్ణే ఆ చేత్తో అక్కడ కూర్చోలేను" అన్నాడు.

డాక్టరమ్మ మొదట కుదరదంది. రెండు టోపీలు కలిపితే ఆయన చేతి బరువు నాకూ సోకొచ్చట, నాదీ నేత చెయ్యేనట, పోతే మళ్ళీ తెచ్చివ్వలేనంది. మీ రెండో మంచం ఎందుకుంది మరి అన్నాను. ఒప్పుకుంది.

పాత చేతికి ఆఖరి రోజని ఆయనకి ఒక మధ్యాహ్నం వదిలిపెట్టాం. నన్నూ తీసుకెళ్ళాడు. ఆ సముద్రం నేను అప్పుడే చూశాను. నీళ్ళు పాలలా ఉన్నాయి, చప్పుడు లేదు. మగ్గం మీద ఇరవై నాలుగో చీర పడుగు మెరుస్తోంది. దాన్ని ఆయన ముట్టుకోలేదు. కుడిచేత్తో నా జడ విప్పి, పాయలు తీసి, నిదానంగా మళ్ళీ అల్లాడు. ఐదు వేళ్ళూ నా తలకి తెలిశాయి. గంట అయిపోయేదాకా అల్లుతూనే ఉన్నాడు.

మర్నాటి నుంచి ఆ సముద్రంలో నీళ్ళు తడపడం మొదలెట్టాయి.

గుంటలో మోకాళ్ళదాకా చల్లటి నీళ్ళు. పడుగు మబ్బులోకి వెళ్ళలేదు, మామూలు కర్రకి కట్టి ఉంది. బావ కుడిచెయ్యి మగ్గం మీద పడి ఉంది. ఎత్తమని నేనన్నాను. ఆయన పళ్ళు బిగించాడు, రాలేదు. ఎడంచేత్తో ఎత్తి పెట్టుకుంటే జారి పడుగు మీద పడింది, పదిహేను పోగులు తెగాయి. తెగిన పోగులు నీళ్ళలో వెంట్రుకల్లా తేలాయి. ఆయన ఏడుస్తూ లేచిపోయాడు. పక్క మంచం మీద నేనూ లేచాను. డాక్టరమ్మ ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, తనూ తాగింది.

రెండోరోజు తెగిన పోగులు అతికాం. మూడోరోజు మళ్ళీ తెంచాడు. ఇలా చెప్తే బోలెడన్ని రోజులు చెప్పాలి, మీకు విసుగొస్తుంది. మాకూ వచ్చింది. పదిహేనో రోజున ఆయన ఇంటిదగ్గర మధ్యాహ్నం మామూలుగా కునుకు తీసి, లేచి, తన చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు. "మామూలు కలలోనూ వేలాడుతోందే" అన్నాడు. డాక్టరమ్మ ముందే చెప్పింది గాని, తెలియడం వేరు, జరగడం వేరు. నేను ఆయన్ని పట్టుకుని కూర్చున్నాను. తప్పు చేశానేమో, ఉన్న ఒక్క సుఖమూ లాగేశానేమో అని వందసార్లు అనుకున్నాను. నా కుడిచెయ్యి కూడా నిద్ర లేచాక అరగంటదాకా మొద్దుగా ఉండేది. పొయ్యి మీది గిన్నె దించబోయి వదిలేశాను ఒకసారి. ఆ సంగతి బావకి చెప్పలేదు, ఇప్పుడు మీకే చెప్తున్నాను.

మధ్యలో మేము మానేద్దామనుకున్నప్పుడు డాక్టరమ్మ ఒక పని చేసింది. తెర మీద మొదటి రెండు నెలల వెలుగు, ఇప్పటి వెలుగు పక్కపక్కన పెట్టింది. అప్పటిది ఒకేచోట నిండుగా, అందంగా ఉంది. రోజూ అదే. ఇప్పటిది చిందరవందర. ఒకరోజు ఇక్కడ చుక్క, ఇంకోరోజు అక్కడ గీత, చాలావరకు దారిలోనే ఆరిపోయినవి. "చూడండి, ఎన్ని వైపుల వెతుకుతున్నారో" అంది. "ఈ చెయ్యి ఓడిపోయిన ప్రతిరోజూ ఒక కొత్త గీత పడుతోంది. నా గొప్ప కలలో ఒక్కటీ పడలేదు." బావ ఆ గీతల్ని చాలాసేపు చూశాడు. పడుగు చూసినట్టే చూశాడు.

తొంభై రెండో రోజు, కలలో, ఆయన బొటనవేలు కండెని ఒక్క పోగు దూరం తోసింది. నీళ్ళు కదలకుండా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. మంచాల మీద లేచాక డాక్టరమ్మ బావ చేతివైపు చూపించింది. దుప్పటి మీద బొటనవేలు ఇంకా వణుకుతోంది.

అక్కణ్ణించి కూడా ఏమంత పరుగులు లేవు. చూపుడువేలికి రెండు నెలలు పట్టింది. నడివేలు సగం వచ్చింది. మిగతా రెండూ ఇవాళ్టికీ రాలేదు. నేను టోపీ తీసేసి ఏడాది కావస్తున్నా, నా కలల్లో ఇప్పటికీ అప్పుడప్పుడు నా కుడిచెయ్యి బరువుగా వేలాడుతుంది. లేవగానే ముందు వేళ్ళు ఆడించి చూసుకుంటాను.

కిందటి నెలలో మగ్గం ఎక్కాం. ఆయన చోట్లో ఆయన, నా చోట్లో నేను. రెండున్నర వేళ్ళతో ఆ చిలక రెక్క నేయడానికి ఆయనకి తొమ్మిది రోజులు పట్టింది. ఒకప్పుడు పూట పని. ఆఖరి పోగు పడ్డాక డాక్టరమ్మకి ఫోను చేస్తే, వస్తున్నాను, ఎవరూ ముట్టుకోవద్దు అంది. నేను దేవుడికి దండం పెట్టుకుని, అప్పుడు వంగి చూశాను.

రెక్క కొస రెండు పోగులు పక్కకి పోయింది.

మా ఇంట్లో అలాంటి తప్పు ఉంచిన చీర లేదు. కానీ ఈ రెక్కని చచ్చినా వదులుకోను, ఎవరికి కనబడుతుందిలే అనుకున్నాను. బావ ముక్కు పడుగుకి తగిలేంతగా వంగి చూశాడు.

"రెండు పోగులు తప్పాను. విప్పుదాం."

"వద్దు బావా" అన్నాను. "మళ్ళీ రాకపోతే?"

అన్నాక నాలిక కరుచుకున్నాను. ఇన్నాళ్ళూ ఆయనకి ధైర్యం చెప్పినదాన్ని, ఆ నీళ్ళలో పక్కన కూర్చున్నదాన్ని, ఆ మాట నా నోటినుంచే వచ్చింది. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

ఆయన నావైపు చూశాడు. కోప్పడలేదు, ఓదార్చనూ లేదు.

"వస్తుందే" అన్నాడు. వీధిలోకెళ్ళినవాణ్ణి భోజనానికి పిలిస్తే పలికినట్టు, అంత మామూలుగా. అని, కుడిచేతి బొటనవేలితో జరీ కొస వెతుక్కోవడం మొదలెట్టాడు. నేను కళ్ళు తుడుచుకుని నావైపు పోగు పట్టుకున్నాను.